మూడో స్తంభం మీద అయిదు గాట్లు

వెదర్‌స్టోలో దారి అడిగితే, ఇప్పుడున్న ఊరికి కాదు, ఒకప్పుడున్న ఊరికి దారి చెబుతారు. "బ్యాంకు దగ్గర ఎడమకి తిరిగి, ధాన్యం హాలు దాటి, ఆసుపత్రి ముందు నించి పొండి" అంటారు. బ్యాంకు మూతపడి నాలుగేళ్ళయింది. ధాన్యం హాల్లో తివాచీలమ్ముతున్నారు. ఆసుపత్రిని ఫ్లాట్లుగా మార్చారు. కాన్పుల గది ఉన్నవైపు కిటికీలో ఎవరో ఎర్ర పూల కుండీలు పెట్టుకున్నారు. కొత్తవాళ్ళు తికమకపడి, ఇంకొకరిని అడిగి, చివరికి మార్కెట్ హాలుకి చేరతారు. అదొక్కటే నాలుగు వందల ఏళ్ళుగా పని మార్చుకోలేదు. పన్నెండు ఓక్ స్తంభాల మీద నిలబడి, గురువారం వస్తే కింద బేరాలాడేవాళ్ళ మీద వాన పడకుండా కాస్తోంది.

ఆ స్తంభాల్లో చర్చి వైపు నుంచి మూడోదాని మీద అయిదు గాట్లున్నాయి. అన్నిటికన్నా కిందిది పెద్దవాళ్ళ తొడ మట్టంలో ఉంటుంది. పైది కంటి మట్టానికి కాస్త కింద. మ్యూరియెల్ ప్రోబర్ట్ ముప్ఫై ఏళ్ళపాటు ప్రతి గురువారం పదకొండింటికి, ఊరు చూడ్డానికొచ్చినవాళ్ళని వెంటబెట్టుకుని తిప్పేది. వంతెన, సత్రం, గంటల గోపురం చూపించి, చివర్లో ఈ స్తంభం దగ్గర ఆగి కథ చెప్పేది. పూర్వం ఒక నేతగాడి భార్య తన పిల్లల ఎత్తులు దీని మీద గుర్తు పెట్టుకుందనీ, అడుగున ఉన్న గాటు దక్కకుండా పోయిన చిన్నదానిదనీ ఊరందరికీ తెలుసు. ఆ కథ విని విని తల్లులకి ఒక అలవాటు కూడా వచ్చింది. బిడ్డ నిలబడడం నేర్చిన వారం తీసుకొచ్చి ఆ స్తంభానికి ఆనించి నిలబెడతారు. తల అడుగున ఉన్న గాటుకి అందితే, పక్కనే చీజ్ అంగడి పెట్టుకున్న లెన్ గ్విలియం బిడ్డ చేతిలో చిటికెడు చీజ్ పెడతాడు.

మ్యూరియెల్ నిరుడు నవంబరులో చనిపోయింది. మే నెల మొదట్లో ఒక మంగళవారం పొద్దున, ఊరి పాత కట్టడాల సంఘం అధ్యక్షురాలు నోరీన్ ల్యాప్‌వర్త్ ఒక కాగితం పట్టుకుని ఆమె భర్త డెరెక్ ఇంటికి వచ్చింది. నోరీన్ రిటైరైన నర్సు. ఎవరింటికి వెళ్ళినా వెనక తలుపు నుంచే వస్తుంది.

"నీళ్ళు పెట్టావా, నేను పెట్టాలా?"

"కూర్చో. నువ్వు పెడితే నా కప్పులన్నీ అరలు మారిపోతాయి."

"మారితేనే మంచిది. అదుగో, ఆ కప్పు అంచు విరిగి ఏడాదైంది. ఇంకా దాన్నే పట్టుకు వేలాడుతున్నావు."

"అది మ్యూరియెల్‌ది."

నోరీన్ కాసేపు కిటికీలోంచి చూసింది. "అయితే నాకు అందులోనే పొయ్యి," అంది.

టీ తాగుతూ కాగితం అతని ముందుకి తోసింది. మార్కెట్ హాలు దగ్గర కొత్త పలక పెడుతున్నారు. దాని మీద మూడో స్తంభం కథ మ్యూరియెల్ మాటల్లోనే ఉండాలని సంఘంలో అందరూ అన్నారు. కిందటి వేసవిలో ఎవరో ఆమె చెబుతుండగా ఫోన్లో రికార్డు చేశారట. దాన్ని నోరీన్ కూర్చుని టైపు చేసింది.

"నువ్వొకసారి చూసి సరే అను, శుక్రవారానికి అచ్చుకి పోవాలి. రికార్డుల ఆఫీసు నుంచి ఒక పిల్ల వచ్చి గురువారం కొలతలు తీసుకుంటుందట. ఆ పిల్లకి దేన్ని చూసినా సందేహమే. చర్చిని చూసి, ఇది చర్చేనని కాగితం ఉందా అని అడిగే రకం."

"ఉండాలిగా అలాంటివాళ్ళు."

"ఉండనీ. మన దగ్గర మాత్రం కాదు." లేచి కప్పు కడిగి, తీసిన చోటే పెట్టింది. డెరెక్ అది గమనించాడు.

ఆమె వెళ్ళాక కాగితం చదవడానికి అతనికి గంట పట్టింది. అందులో ఉన్నది ముప్పావు పేజీ. డెరెక్ ఆ కథని ఎప్పుడూ మొదటి నుంచి చివరిదాకా వినలేదు. దానికొక కారణముంది.

ముప్ఫై ఏళ్ళ కింద, ఈ తిప్పడం మొదలుపెట్టబోతూ, స్తంభం మీద ఈ గాట్లేమిటని మ్యూరియెల్ అతన్ని అడిగింది. అప్పట్లో అతను ఊరి బడిలో వడ్రంగం మాస్టారు. జేబులోంచి టేపు తీసి కొలిచాడు. గాటుకీ గాటుకీ మధ్య సరిగ్గా జానెడు. మొత్తం నాలుగు జానలు, గజం. "బట్టలు కొలిచే గజం ఇది. సంతలో నేతగాడు మోసం చేశాడనిపిస్తే, తెచ్చి దీనికి పెట్టి చూసుకునేవాళ్ళు," అని చెప్పాడు. ఆమె వేలితో అడుగు గాటుని తడుముతూ, "ఉత్త కొలబద్దేనా," అంది. ఆ మరుసటి గురువారమే కథ పుట్టింది. అతను దిద్దలేదు. ఆమె కూడా అతని ముందు చెప్పలేదు. రిటైరయ్యాక కూడా అతను చర్చి గదిలో ఉండి, తిరిగొచ్చేవాళ్ళకి టీ కాచేవాడు. ఇద్దరూ ఎప్పుడూ మాట్లాడుకోకుండానే అలా కుదుర్చుకున్నారు.

ఇప్పుడు నోరీన్ టైపు చేసిన అక్షరాల్లో ఆమె గొంతు వినిపించింది. "పైనున్న నాలుగూ పెరిగిన పిల్లలవి. కిందిది చూడండి. దీన్ని ఆ తల్లి ముందే పెట్టుకుంది, బిడ్డ ఇంకా పుట్టకముందే. ఏడాది తిరిగేసరికి ఇంతెత్తు వస్తుందని లెక్క వేసుకుని. బిడ్డ మార్చి పదకొండున పుట్టింది, సంత రోజు. పుట్టింది గానీ ఏడవలేదు. ఆ తల్లికి చూపించలేదు కూడా. దాని పేరు హెస్టర్."

డెరెక్ కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టాడు.

పందొమ్మిది వందల డెబ్బై ఒకటి, మార్చి పదకొండు, గురువారం. ఆసుపత్రి నడవాలో నిలబడితే కింద సంతలో గొర్రెలు అరవడం వినిపిస్తోంది. ఒక పెద్ద నర్సు బయటికొచ్చి అతని చేయి పట్టుకుని, ఆడపిల్ల అనీ, ఊపిరి లేదనీ, చూడకపోవడమే మంచిదనీ, మ్యూరియెల్‌ని ఇంటికి తీసుకెళ్ళి మరిచిపోనివ్వమనీ చెప్పింది. అప్పుడందరికీ అలాగే చెప్పేవారు. ఆమె మంచి మనసుతోనే చెప్పింది. వాళ్ళు చెప్పినట్టే చేశారు. అతను చేస్తున్న ఊయల సగం చిత్రిక పట్టి ఉంది. దాన్ని విప్పి ఆ చెక్కతో గోడకి అర చేశాడు. బిడ్డని ఎక్కడ పెట్టారో అడగలేదు. అడగచ్చని ఇద్దరికీ తెలియలేదు. ఆ తర్వాత పిల్లలు పుట్టలేదు.

పేరు పెట్టలేదనే అతను అనుకున్నాడు ఇన్నేళ్ళూ. కానీ కాన్పుకి ముందు, ఆ చలికాలం ఒక సాయంత్రం ఆమె అల్లుకుంటూ, "ఆడపిల్లయితే హెస్టర్ అందాం," అంది. "అదేం పేరు, ముసలి గొర్రెకి పెట్టినట్టుంది," అని నవ్వాడు అతను. ఆమె ఉన్ని ఉండ విసిరింది. ఇద్దరూ నవ్వుకున్నారు. ఆ మాట మళ్ళీ ఆమె ఎత్తలేదు. ఇంట్లో ఎత్తలేదు. ముప్ఫై ఏళ్ళపాటు, గురువారం తర్వాత గురువారం, ముక్కూ మొహం తెలియనివాళ్ళకి చెప్పుకుంది.

గురువారం పొద్దున చినుకులు పడ్డాయి. సంత పలచగా ఉంది. లెన్ అంగడి మీద గుడ్డ కప్పుతూ కనబడ్డాడు. అరవై దాటిన మనిషి, చేతులు ఎప్పుడూ చీజ్ నానబెట్టే ఉప్పునీళ్ళ వాసన.

"రావయ్యా డెరెక్. ఆ పిల్ల అరగంట నుంచి స్తంభాన్ని కొలుస్తోంది. పెళ్ళికి చొక్కా కుట్టిస్తుందేమో దానికి."

రికార్డుల ఆఫీసు పిల్ల పేరు టామ్సిన్. ముప్ఫై ఉండవు. టోపీ నుంచి నీళ్ళు కారుతుండగా నోటుపుస్తకాన్ని కోటు లోపల దాచుకుంటూ వచ్చింది.

"మిస్టర్ ప్రోబర్ట్, మీ ఆవిడ విషయం చాలా బాధాకరం. ఇది చెప్పడం నాకు ఇష్టం లేదండీ. కథ సరిపోవట్లేదు. గాట్లన్నీ సమానమైన ఎడంలో ఉన్నాయి. పిల్లలు అలా జానెడేసి లెక్కన పెరగరు కదా."

"పెరగరు."

"పాత సంత కోర్టు కాగితాల్లో కూడా దొరికింది. స్తంభం మీద గజానికి తక్కువ వచ్చిన బట్టకి జరిమానా అని. మీరు వడ్రంగం నేర్పేవారట. మీకెప్పుడూ అనుమానం రాలేదా?"

డెరెక్ స్తంభం వైపు తిరిగాడు. ఆ పిల్ల అతని మొహం చూసి కంగారు పడింది.

"తీసెయ్యమనడం లేదు నేను. చివర్లో 'అని చెప్పుకుంటారు' అని ఒక్క మాట కలిపితే మా వైపు నుంచి ఏ అభ్యంతరమూ ఉండదు. చాలా ఊళ్ళలో అలాగే పెడతాం. మీరు సరే అంటే నేను సంతకం పెట్టేస్తాను."

ఒక్క మాట. ఆ ఒక్క మాటతో మ్యూరియెల్ గొంతు ఇంకో వందేళ్ళు అక్కడ ఉంటుంది. "రేపు పొద్దున్నే చెబుతాను," అన్నాడు.

అప్పుడే ఒక అమ్మాయి తోపుడు బండిలోంచి బిడ్డని ఎత్తి స్తంభానికి ఆనించింది. బిడ్డ మోకాళ్ళు వంచి, కూర్చోబోయి, మళ్ళీ నిలబడ్డాడు. తల గాటుకి వేలెడు కిందే ఉంది.

"ఇంకా లేదమ్మా," అన్నాడు లెన్ అంగడి మీదుగా తొంగిచూసి. "ఇంకో నెల పట్టేట్టుంది. ఏం పెడుతున్నావు వీడికి, గాలా?"

"నీ చీజ్ కన్నా గాలే నయం," అంది ఆ అమ్మాయి. లెన్ నవ్వి, అయినా చిటికెడు తుంచి ఇచ్చాడు. "మ్యూరియెల్ ఉంటే అందిందనే అనేది," అన్నాడు డెరెక్ వైపు తిరిగి. తర్వాత తడిగుడ్డ తీసుకుని అడుగు గాటుని తుడిచాడు. వచ్చేపోయేవాళ్ళ బుట్టలు రాసుకుని అక్కడ మట్టి పడుతుందని ప్రతి వారం తుడుస్తాడట. డెరెక్‌కి ఆ సంగతి ఆ రోజే తెలిసింది.

శుక్రవారం ఎనిమిదిన్నరకి చర్చి గదిలో నోరీన్ టీ కాచే పెద్ద పాత్రకి పట్టిన సున్నం గీకుతోంది. డెరెక్ కాగితం ఆమె పక్కన పెట్టాడు.

"కథ వద్దు నోరీన్. బట్టల కొలత అని రాయండి."

ఆమె చెంచా దించింది. "ఆ పిల్ల బెదిరించిందా?"

"లేదు. పాపం, దారి కూడా చూపించింది. ఆ గాట్లు గజమని నాకు మొదటి రోజే తెలుసు. కొలిచిందే నేను."

"ముప్ఫై ఏళ్ళు నోరు మూసుకుని కూర్చున్నావా? నువ్వు?" ఆమె నవ్వబోయి ఆగింది. "మరిప్పుడేమొచ్చింది? చెప్పుకుంటారు అని పెట్టుకుందాం. ఎవరికి నష్టం? డెరెక్, అది ఆమె కథ. ఊరంతా ఆమెకి ఇవ్వగలిగింది ఆ ఒక్క పలకే."

"తెలుసు." అతను కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. చెప్పడం మొదలుపెడితే అనుకున్నంత కష్టం కాలేదు. ఊయల గురించి, గొర్రె పేరు అన్న మాట గురించి, కాగితంలోని తారీఖు గురించి చెప్పాడు. "పలక మీదకి ఎక్కితే హెస్టర్ ఎవరో నేతగాడి కూతురైపోతుంది. నాలుగు వందల ఏళ్ళ కిందటి పిల్ల అయిపోతుంది. అది మా పిల్ల, నోరీన్. మ్యూరియెల్ నోటితో చెప్పుకుంది, సరే. ఆమెకి ఇంకో చోటు లేకపోయింది, నేను ఇవ్వలేదు కనక. రాతలో మాత్రం దాన్ని పరాయివాళ్ళకి ఇవ్వలేను."

నోరీన్ పాత్రలోంచి సున్నం పొరలు తీసి కాగితం మీద వరసగా పెట్టింది.

"డెబ్బై ఒకటిలో నేను ఆ వార్డులోనే శిక్షణలో ఉన్నాను," అంది. "మార్చిలో కాదు, వేసవిలో చేరాను. మీ సంగతి నాకు తెలియదు. కానీ పద్ధతి తెలుసు. నువ్వు వింటానంటే చెబుతాను."

"చెప్పు."

"అలాంటి పిల్లల్ని ఒంటరిగా పంపేవాళ్ళం కాదు. శవపెట్టెలు చేసే ముసలాయన ఆ వారం ఎవరి పెట్టె సిద్ధంగా ఉందో చూసేవాడు. తెల్లగుడ్డలో చుట్టి ఆ పెద్దవాళ్ళ చేతి పక్కన పెట్టేవాడు. ఆ ఇంటివాళ్ళకీ చెప్పేవాళ్ళు కాదు, తల్లిదండ్రులకీ చెప్పేవాళ్ళు కాదు. తప్పే, ఇప్పుడు చూస్తే. కానీ ఎవరో ఒకరి పక్కన ఉంటారని అలా చేసేవాళ్ళం." ఆమె ఒక సున్నం పొరని వేలితో వరసలోకి జరిపింది. "నేనే రెండుసార్లు గుడ్డ చుట్టాను. ఎప్పుడైనా ఎవరైనా వచ్చి అడుగుతారని చూశాను. అడిగితే చెప్పేదాన్ని. ఎవరూ అడగలేదు."

"అడగచ్చని మాకు తెలియలేదు," అన్నాడు డెరెక్.

సమాధుల పుస్తకం రికార్డుల ఆఫీసులో ఉంది. నోరీన్ ఫోన్ చేసి అడిగితే టామ్సిన్ ఏమీ ప్రశ్నించలేదు. దేనికీ కాగితం కావాలనే పిల్ల, ఆ రోజు మాత్రం కారణం అడక్కుండా కాగితాలు తిరగేసి సోమవారానికి జవాబు పంపింది. ఆ వారం చర్చి ఆవరణలో రెండే ఖననాలు. పదమూడో తారీఖున ఐడా బెవన్, ఎనభై ఒక్కేళ్ళు, ముసలివాళ్ళుండే సత్రం నాలుగో గదిలో ఉండేది. పదిహేనున సిరిల్ మంక్, యాభై ఆరు, రైలు గేటు కాపలాదారు. ఇద్దరిలో ఎవరి పక్కనో తెలిసే మార్గం లేదు. కాగితం అడుగున టామ్సిన్ చేత్తో రాసింది: "ఇంతకన్నా దొరకలేదు, క్షమించండి."

డెరెక్‌కి ఇద్దరూ గుర్తే. ఐడా బెవన్ గుమ్మంలో కూర్చుని, బడికి పోయే పిల్లల్ని పిలిచి బొత్తాలు పెట్టి పంపేది. సిరిల్ మంక్ గేటు వేసి రైలు వెళ్ళేదాకా ఈల పాడేవాడు. ఆ రెండు సమాధులూ గంటల గోపురం నీడలో, దారికి చెరో పక్కన ఉన్నాయి. ప్రతి గురువారం పదకొండుంపావుకి మ్యూరియెల్ ఆ రెంటి మధ్య నుంచే జనాన్ని నడిపించి, గోపురం వయసు చెప్పేది. ముప్ఫై ఏళ్ళు. తెలిసి ఒక్కసారి ఆగే వీలు ఆమెకి కలగలేదు. అతను అక్కడ నిలబడి ఆ సంగతి తలుచుకుంటూ గోపురం గోడకి వీపు ఆనించుకున్నాడు. తర్వాత ఇంటికెళ్ళి కత్తెర తెచ్చి, రెండు రాళ్ళ చుట్టూ గడ్డి ఒకే ఎత్తున కత్తిరించాడు.

జూన్ మొదట్లో పలక వచ్చింది. స్తంభాలకి మేకు కొట్టకూడదు కనక, పక్క గోడకి తగిలించే పని డెరెక్ తీసుకున్నాడు. లెన్ నిచ్చెన పట్టుకుని, పైకి చదివాడు. "సంతలో బట్ట కొలిచే గజం. ఒక్కొక్క గాటు జానెడు." మళ్ళీ చదివాడు. "ఇంతేనా?"

"ఇంతే."

"మ్యూరియెల్ పేరే లేదేంటి?"

"కింద ఉంది, చూడు. ముప్ఫై ఏళ్ళు ఈ ఊరిని చూపించిన మనిషి అని."

లెన్ వంగి చూసి తల ఊపాడు. తర్వాత స్తంభం వైపు, మళ్ళీ డెరెక్ వైపు చూశాడు. అడగాలా వద్దా అన్నట్టు గుడ్డతో చేతులు తుడుచుకున్నాడు. "అయితే ఆ పాప? అసలు లేనే లేదా?"

డెరెక్ చివరి మర బిగించి, కిందికి దిగాడు.

"ఉంది," అన్నాడు. "ఇక్కడ కాదు."

లెన్ నిచ్చెన మడిచి గోడకి పెట్టాడు. పదకొండు కావస్తోంది. తోపుడు బండి అమ్మాయి వచ్చింది, కిందటి నెల వచ్చినామే. పలక చదివిందో లేదో తెలియదు. బిడ్డని ఎత్తి మూడో స్తంభానికి ఆనించింది. వాడు ఈసారి మోకాళ్ళు వంచలేదు. జుట్టు గాటుని తాకిందా లేదా అన్నట్టుంది.

లెన్ చీజ్ కోసే కత్తి పట్టుకుని ఆగాడు. డెరెక్ వైపు చూశాడు.

డెరెక్ వంగి, బిడ్డ తల మీద అరచెయ్యి బల్లపరుపుగా పెట్టి, స్తంభం దాకా జరిపాడు. వేలి కొసకి గాటు తగల్లేదు. గింజంత తక్కువుంది.

"అందింది," అన్నాడు.